ఏది రాయి, ఏది పూత

బీదర్ జిల్లా మన్నాఏఖేళ్ళిలో మా ఇంటి గోడలు ఎర్రరాతివి. పుస్తకాల్లో లాటరైట్ అంటారు. నేలలోంచి తీసినప్పుడు గొడ్డలితో చెక్కేంత మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే రాయి. ఒళ్లంతా చిల్లులే. దసరా ముందు అమ్మ కాల్చిన సున్నపురాళ్లు గాబులో వేసి నీళ్లు పోసేది. బుసబుసమని పొంగి, ఆవిర్లు లేచి, మర్నాటికి వెన్నలా అయ్యేది. అందులో చిటికెడు నీలిమందు కలిపి, నలగ్గొట్టిన ఈతమట్టతో గోడకు పూసేది.

"ఇంత మంచి ఎర్రరాయిని ఎందుకమ్మా కప్పడం?" అని అడిగాను ఒకసారి.

"ఉత్తగా వదిలేస్తే వానలు ఊకుంటాయా బిడ్డా!" అంది.

చాలా ఏళ్ల తర్వాత పాత గోవాలో బోం జీసస్ బాసిలికా ముందు నిలబడితే ఆ మాటే చెవిలో పడింది. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠ చేసిన చర్చి అది. ముఖభాగం మీద ఒక అంతస్తు పైన ఇంకో అంతస్తుగా యూరప్ రినైజాన్స్ స్తంభాల వరసలు, నల్లరాతి చెక్కడాలు. వాటి నడుమ, పక్క గోడల నిండా, మా ఇంటి ఎర్రరాయే. 1472లో గోవాను గెలిచి బహమనీ రాజ్యంలో కలిపింది బీదర్ వజీరు మహమూద్ గవాన్. 1510లో పోర్చుగీసులు పట్టుకున్నారు. రాజ్యాలు మారినా రాయి ఒకటే.

కానీ కట్టినవాళ్లు ఆ రాయిని అలా వదిలేయలేదు. సున్నపు గచ్చుతో కప్పారు. 1950ల్లో బల్తజార్ కాస్ట్రో అనే పోర్చుగీసు వాస్తుశిల్పి ఆ గచ్చంతా ఊడబీకించాడు. చర్చికి ప్రాచీన గాంభీర్యం రావాలన్నది ఉద్దేశం అంటారు. వచ్చింది కూడా. దానితోపాటు వానా వచ్చింది. కొంకణపు వాన ఏటేటా ఆ చిల్లుల్లోకి దిగి రాయిని కొరుకుతోంది.

నన్ను బాధపెట్టేది రాయి అరగడం ఒక్కటే కాదు. పైపూత అబద్ధమనీ, గీకేస్తే అసలు బయటపడుతుందనీ మనం ఇంత గట్టిగా ఎందుకు నమ్ముతాం? రినైజాన్స్ మనుషులు అలా నమ్మినట్టు లేదు. భూమిలో పూడిపోయిన నీరో చక్రవర్తి మహల్లో పాత గచ్చుపని చూసి, రాఫెల్ దగ్గర పనిచేసిన జొవాన్ని ద ఉదీనె సున్నంలో పాలరాతి పొడి కలిపి ఆ విద్యను మళ్లీ పట్టుకున్నాడు. వాళ్లకు గచ్చు కూడా శిల్పమే.

అసలు సున్నం ఏమిటి? సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం. నీళ్లు పోస్తే వెన్న. గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయే అవుతుంది. మరి ఏది రాయి, ఏది పూత? బీదర్ కోటలో గచ్చు రాలిన చోట వేలు పెట్టి చూశాను. వేలికి ఎర్రపొడి అంటింది. గచ్చు నిలిచిన చోట గోడ నున్నగా, చల్లగా, గట్టిగా ఉంది.

మనిషి విషయంలోనూ మాట ఇదే. కోపంలో ఎవరైనా నోరు జారితే "ఇప్పుడు బయటపడింది వీడి అసలు రంగు" అంటాం. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆ మనిషి పట్టుబట్టి నేర్చుకున్న ఓర్పు నకిలీ ఎలా అవుతుంది? పుట్టుకతో వచ్చిన మొరటుతనం అసలా, ఏటేటా పూసుకున్న దయ అసలా? నేర్చుకున్నదంతా గీకేస్తే కింద మిగిలేవాడికి పేరుందా, భాష ఉందా?

అయినా నా మాటకు ఒక చిక్కు ఉంది. బోం జీసస్‌కు మళ్లీ గచ్చు వేయాలనే వాదన చాలాకాలంగా ఉంది. వేయాలనే నేనూ కోరుకుంటాను. కానీ డెబ్బై ఏళ్లుగా ఆ ఎర్రగోడల ముందే మోకరిల్లినవాళ్లు, పెళ్లి ఫొటోలు తీయించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల చర్చి ఎర్రది. వాళ్లకు తెల్లగచ్చే ముసుగులా కనిపిస్తే, అది కాదని చెప్పే హక్కు నాకు ఎంతవరకు ఉంది?

మొన్న ఊరికి పోతే దర్వాజా పక్కన సున్నం పెచ్చు ఊడి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. మందం ఒక బిళ్లంత. అంచున వరసలు కనిపించాయి: తెలుపు, లేతనీలం, తెలుపు, మళ్లీ నీలం. అమ్మ చేతి దసరాలు. పదకొండు దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాతవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.