పురుగునకు పేరు పెట్టుట హింసయా?

గడచిన దీపావళి సెలవులలో మా యింటిలో జరిగిన ఒక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణము. మా తమ్ముని కుమార్తె పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయములో కీటకశాస్త్రము చదువుతున్నది. సెలవులకు నాందేడు వచ్చినప్పుడు దాని సామానులో ఒక చెక్కపెట్టె ఉన్నది. మిఠాయి పెట్టె అనుకొని మా మరదలు మూత తీసినది. లోపల వరుసలు వరుసలుగా పురుగులు! పెద్దవాటికి గుండుసూదులు గుచ్చి ఉన్నవి. చిన్నవాటిని మొన తేలిన కాగితపు ముక్కలకు జిగురుతో అంటించినారు. ఒక్కొక్క దాని క్రింద ఆవగింజలంత అక్షరములతో ఒక చీటీ.

ఎనభై రెండేండ్ల మా అమ్మ ఆ పూట అన్నము ముట్టలేదు. దీపమునకు పురుగు వచ్చి పడునని ప్రొద్దు క్రుంకక ముందే భోజనము ముగించే ఇల్లు మాది. ఆ ఇంటి పిల్ల పురుగులను చంపి పెట్టెలో దాచుటయా అని ఆమె దుఃఖము. తమ్ముడు నన్ను పిలిపించి, "అన్నయ్యా, దీనిని చదువు మానిపించమందువా?" అని అడిగినాడు. నేను బోధన్‌లో పదవ తరగతితో చదువు ముగించి, ఆ తరువాత పత్తి వ్యాపారమునకు నాందేడు చేరినవాడను. శాస్త్రము తెలిసినవాడను కాను. ఇంటికి పెద్దవాడనని అడిగినారు, అంతే. ఆ రాత్రి చెప్పలేక వారము దినములు గడువు తీసుకొన్నాను.

మొదట పిల్లనే పిలిచి కూర్చుండబెట్టుకొన్నాను. అసలు ఈ పని యెందుకమ్మా అంటే అది చెప్పిన మాటలు ఇవి. మాహూరు, కిన్వట్ అడవుల వైపు చెట్ల మీద పట్టిన నల్లులలో ఒకటి రెండు రకములు వారి గురువుగారికి తెలిసిన ఏ ప్రజాతిలోను ఇముడుట లేదట. నిజముగా ఇమడకపోతే వాటికై ఒక కొత్త ప్రజాతిని నెలకొల్పి, లక్షణములు వ్రాసి, పేరు పెట్టవలసి వచ్చునట. ఆ పనిలో తనను తోడు రమ్మన్నారట.

నల్లి అనగానే మనకు మంచపు నల్లి గుర్తుకు వచ్చును. తెలుగులో ఈ ఒక్క మాట ఎంత గందరగోళము చేయుచున్నదో నాకు అప్పుడే తెలిసినది. మంచములో రక్తము త్రాగునది నల్లి. వరి కంకిపై పాలు పీల్చునది కంపునల్లి. మిరప ఆకులను ముడిపించే సూక్ష్మజీవిని కూడ రైతులు నల్లి అందురు గాని, అది అసలు ఈ జాతిదే కాదు, దానికి ఎనిమిది కాళ్లు, సాలెపురుగునకు చుట్టము. మన పిల్ల పట్టుకొన్నవి మిరిడ్ నల్లులు. మొక్కల మీద బ్రతుకును, మెత్తని శరీరము, ముట్టుకొంటే కాలు ఊడివచ్చును. రెక్క అంచున ముక్కోణపు తునక ఒకటి వీటికి గుర్తు. లోకములో ఇప్పటికి 11,000 పైచిలుకు రకములకు పేర్లు పెట్టినారు, ఇంకను పేరు లేనివి చాల ఉన్నవి.

స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో తన గ్రంథము పదవ కూర్పు వేసినప్పుడు మంచపు నల్లిని, మొక్కల నల్లిని కలిపి సైమెక్స్ అను ఒకే ప్రజాతిలో వేసినాడు. అప్పటికి అంతే తెలిసినది. 1833లో హాన్ అను జర్మను పండితుడు మిరిడ్ కుటుంబమును వేరు చేసినాడు. వ్యాపారులకు ఇది తెలియని సంగతి కాదు. దుకాణము తెరచిన సంవత్సరము 'చిల్లర' అను ఒకే ఖాతాలో అన్నీ వ్రాసుకొందుము. వ్యాపారము పెరిగిన కొద్దీ ఆ చిల్లర ఖాతాను విడదీయవలసి వచ్చును. విడదీయని వాడు సంవత్సరాంతమున లాభమెక్కడిదో నష్టమెక్కడిదో చెప్పలేడు.

మన దేశపు నల్లులను పుస్తకములలో ఎక్కించినవారిలో ముఖ్యుడు విలియం లూకస్ డిస్టంట్ అను ఆంగ్లేయుడు. తిమింగలముల వేటకు పోవు ఓడ కప్తాను కొడుకు. ఆయన జీవితములో చాల భాగము లండనులో ఒక తోళ్ల కార్ఖానాలో ఉద్యోగము చేసినాడు. మనము ఆమడ దూరముంచు వృత్తి! 1899 నుండి 1920 వరకు బ్రిటిషు మ్యూజియములో పని చేసి, బ్రిటిషు ఇండియా జంతుజాలమను గ్రంథమాలలో నల్లుల సంపుటములు వ్రాసినాడు. 1904 నాటి రెండవ సంపుటములో మిరిడ్ నల్లులు ఉన్నవి. తోళ్ల కార్ఖానా మనిషి మన పొలములలోని జీవుల లెక్క వ్రాయగా, జీవదయయే ధర్మమను మనము చదువక పోతిమి. ఈ మాట అనుకొన్నప్పుడు నాకు సిగ్గు కలిగినది.

కొత్త ప్రజాతికి పేరు పెట్టుటలోని కట్టుబాట్లు విన్నప్పుడు మాత్రము నాకు మన బజారు కనిపించినది. ఒక రకమునకు పేరు పెట్టినవాడు ఒక్క పురుగును నమూనాగా ప్రకటించి మ్యూజియములో భద్రపరచవలెను. రేపు తగవు వస్తే ఆ నమూనాయే సాక్షి. దూది బేళ్ల నుండి నమూనా తీసి, సీలు వేసి, సరుకులో తేడా వచ్చిన నాడు దానితో పోల్చి చూచుకొనుట మనమెరిగినదే. అటులనే ప్రజాతికి ఒక రకమును ఆధారముగా చూపవలెను. 1930 తరువాత ప్రకటించిన ఏ ప్రజాతి పేరైనను ఇది లేనిదే చెల్లదు. ముందు పేరు పెట్టినవానిదే పేరు. వెనుక వచ్చినవాడు ఎంతటి పండితుడైనను తన పేరు ఉపసంహరించుకొనవలసినదే. కీర్తికోసము విరిగిన పురుగునొకదానిని చూపి లేని ప్రజాతిని కల్పించువారు కూడ ఉందురట. మన అణువ్రతముల అతిచారములలో కూటలేఖక్రియ అని ఒకటి ఉన్నది గదా, ఇది అదియే అనుకొన్నాను.

సరే, లెక్క మంచిదే. లెక్క కోసము ప్రాణము తీయవచ్చునా? ఇక్కడ నా కథ ఒకటి చెప్పక తప్పదు. ఇన్నాళ్లు ఎవరికి చెప్పలేదు.

1998లో నేను బోధన్‌లో మా బావగారి పురుగుమందుల దుకాణములో కూర్చునేవాడను. విషవాణిజ్యము పదునైదు కర్మాదానములలో ఒకటి అని అమ్మ అప్పుడే హెచ్చరించినది. కుటుంబ అవసరము, వినలేదు. ఒక రైతు అగ్గిపెట్టెలో నాలుగు పురుగులు పట్టుకొని వచ్చి, "సేటూ, వరిల గుంపులు గుంపులుగ ఉన్నయి, ఏం మందు కొట్టాలె?" అన్నాడు. సన్నని పచ్చ పురుగు, తల వద్ద నలుపు. తెలిసినవానివలె తల ఊపి, "పచ్చదోమ" అని చెప్పి, అరలో ఉన్నదానిలో ఘాటైనది ఇచ్చి పంపినాను. మూడు వారములకు అతని మడి నడుమ గుండ్రముగా, సుడులు సుడులుగా ఎండిపోయినది. సుడిదోమ. నన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన బాకీ తీర్చి వెళ్లినాడు.

ఆ పచ్చ పురుగు ఏమిటో మొన్న పిల్ల పెట్టెలో చూచినాను. అదే తల, అదే నలుపు. చీటీ మీద సిర్టోరైనస్ లివిడిపెన్నిస్ అని ఉన్నది. అదియును మిరిడ్ నల్లియే. అయితే అది వరిని పాడు చేయదు. సుడిదోమ, పచ్చదోమ కాండములో పొదిగిన గ్రుడ్లను వెదకి పీల్చుకొని బ్రతుకును. సుడిదోమ గుంపులున్న చోటికే ఇదియు గుంపులుగా వచ్చును. నేను కాపలావానిని దొంగ అని చెప్పి చంపించినాను. ఆ మందుకు ఇది చచ్చినది, సాలీళ్లు చచ్చినవి. కాండములో దాగిన గ్రుడ్లు పిల్లలై, తినువారు లేక మడి నిండినవి. ఎకరముల పొలములో ఎన్ని ప్రాణములు పోయెనో కేవలి చెప్పవలెను. అంతయు ఒక పేరు తెలియక.

ఈ నల్లికి 1885లో పేరు పెట్టినవాడు ఓడో మోరానల్ రాయిటర్ అను ఫిన్లండు దేశపు పండితుడు. కడపటి సంవత్సరములలో ఆయనకు చూపు పోయినది. అయినను పని మానలేదట. ఎక్కడో మంచు దేశములో ఆయన వ్రాసిన నాలుగు పంక్తులు బోధన్ దుకాణములో నాకు తెలిసి ఉంటే అని ఇప్పుడు అనుకొని ఏమి లాభము?

ప్రజాతి వరకు పోయి చూచుట ఎందుకో కూడ ఈ పురుగే చెప్పును. హవాయి దీవులలో చెరకును పాడుచేయు దోమ గ్రుడ్లను తినుటకై 1920లో ఆస్ట్రేలియా, ఫిజీల నుండి ఒక నల్లిని తెచ్చి విడిచినారు. మందు లేకుండ చెరకు నిలిచినది. దానిని కూడ అప్పుడు సిర్టోరైనస్ అనియే పిలిచిరి. 1955లో బ్రెజిలు దేశపు కార్వాల్యో, ఇంగ్లండు దేశపు సౌత్‌వుడ్ ఇద్దరు ఆ గుంపునంతటిని తిరిగి పరిశీలించిరి. ఇప్పుడు హవాయి నల్లి టిట్థస్ అను వేరు ప్రజాతిలో ఉన్నది. అంతేకాదు, ఈ రెండు ప్రజాతులు మిరిడ్ కుటుంబములో రెండు వేరు శాఖలవి. గోళ్ల నడుమ ఉండు పోగుల తీరు, మగ పురుగు అవయవముల నిర్మాణము చూచి పోల్చుకొందురు. రెండింటికి పని ఒకటే, రూపము ఇంచుమించు ఒకటే, వంశము వేరు. ఒకే వీధిలో ఒకే రంగు బోర్డు పెట్టి ఒకే సరుకు అమ్ము ఇద్దరిని అన్నదమ్ములనుకొని అప్పు ఇచ్చిన వాడు ఏమగును?

టమాటా మీద నెసిడియోకోరిస్ అను మరి ఒక నల్లి ఉన్నది. తెల్లదోమను తినును, దోమ దొరకనప్పుడు టమాటా కాండమునే పీల్చి గోధుమ రంగు ఉంగరములు చేయును. ఐరోపాలో దీనిని పెంచి రైతులకు అమ్ముచున్నారు, కొన్ని చోట్ల తెగులని తిట్టుచున్నారు. అనేకాంతము తెలిసిన మనకు దీనిని మంచిదనవలెనా చెడ్డదనవలెనా అను తొందర ఉండనవసరము లేదు.

ఇక శాస్త్రము సంగతి. జీవులను తరగతులుగా విభజించుట మనకు కొత్త కాదు. తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి పురుగు, చీమ, తుమ్మెద, మనుష్యుడు అని ఒక్కొక్క ఇంద్రియము పెంచుకొనుచు చెప్పినారు. శాంతిసూరి వారి జీవవిచారములో మంచపు నల్లి, పేను, చీమ, చెదపురుగు త్రీంద్రియములలో ఉన్నవి. పిల్ల చూపిన మిరిడ్ నల్లికి తలలో సగము కన్నులే. మంచపు నల్లికి ఇది చుట్టమే. మరి దీనిని మూడు ఇంద్రియములలో వేయవలెనా, నాలుగింటిలోనా? చాతుర్మాస్యమునకు ఇక్కడ విడిది చేసిన ఒక మునిమహారాజును అడిగితిని. ఆయన కొంచెము నవ్వి, "లెక్క ఎందుకు కావలెను? ఎంత జాగ్రత్త పడవలెనో తెలియుటకే గదా. అనుమానమున్నప్పుడు పెద్ద లెక్క వ్రాసుకో" అన్నారు. చంపవచ్చునా అని అడిగితే మాత్రము ఆయన మాట్లాడలేదు. ముని నోట దానికి అనుమతి రాదు, అడుగుట నాదే తప్పు.

గృహస్థునకు పెద్దలు హింసను సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అని నాలుగుగా చెప్పి, తెలిసి తెలిసి చంపు సంకల్పీ హింసను పూర్తిగా విడువుమన్నారు. పిల్ల చేయు పని ఉద్యోగీ హింస అని తమ్ముడు సర్దిచెప్పుకొన చూచినాడు. నాకు ఒప్పుదల కాలేదు. పొలము దున్నువాడు వానపామును చంపవలెనని దున్నడు. ఇది ఆ పురుగునే వెదకి, పట్టి, సీసాలో వేయుట. పేరు మార్చి ఈ ఖాతా నుండి ఆ ఖాతాకు నెట్టుట కూడ ఒక కూటలేఖయే. అది సంకల్పీ హింసయే. కాని నేను అగ్గిపెట్టె చూచి చెప్పిన ఒక్క మాట ఏ ఖాతాలో వ్రాయుదును? నేను ఏ పురుగును చంపలేదు. చేతులు శుభ్రముగానే ఉన్నవి. ఈ రోజున నేను అమ్ము పత్తి మీద ఎన్నిసార్లు మందు పడినదో ఏనాడును అడిగినవాడను కాను. అమ్మ అన్నము మానవలసినది ఆ పెట్టె చూచి కాదేమో, నన్ను చూచి.

వారము తరువాత నేను చెప్పినది ఇది. చదువు మానవద్దు. అది పాపము కాదని మాత్రము ఎవరును అనుకొనవద్దు, అప్పుగా వ్రాసుకొనుము. కొత్తవి పట్టకముందు మ్యూజియముల అరలలో పాతవి వెదకుము. ఎన్నో కొత్త ప్రజాతులు ఏండ్ల తరబడి పేరు లేక అక్కడే పడియుండి, తరువాత బయటపడినవని అదే చెప్పినది. దీపము క్రింద చచ్చిపడినవి ఏరుకొనరాదా అని కూడ అడిగితిని. "కాళ్లూ మీసాలూ ఊడిపోతాయి పెద్దనాన్నా, ఆ విరిగినదాన్ని చూసి రాస్తే అబద్ధమవుతుంది" అన్నది. అందుకు నా వద్ద జవాబు లేదు.

బయలుదేరునాడు అది నానమ్మకు భూతద్దము ఇచ్చి ఒక నల్లిని చూపినది. అమ్మ చాలసేపు చూచినది.

"కండ్లున్నయే దీనికి. పేరేంది?"

"ఇంకా పెట్టలేదు నానమ్మా."

"పెట్టెటందుకు ఎన్నిటిని పట్టాలె?"

పిల్ల వెంటనే చెప్పలేక గురువుగారిని అడిగి వ్రాస్తానన్నది. పర్భణీ నుండి పది దినములకు ఉత్తరము వచ్చినది. మగవి, ఆడవి కలిపి ఎన్ని కావలెనో, ఎందుకు కావలెనో ఒక పుట నిండ వ్రాసినది. అమ్మకు చదివి వినిపించినాను. ఆమె ఆ సంఖ్యను మరల ఒకసారి చెప్పించుకొని, ప్రతిక్రమణమునకు వేళయినదని లేచినది. పెట్టె ఇంటిలో వద్దన్నది గనుక నా దుకాణములో బీరువా మీద ఉన్నది.