తాతగారి రివాల్వర్ ఎటు చూసింది?

మా పెద్దనాన్నగారింట్లో ఉన్న పాత రివాల్వర్ మీద రెండు కథలున్నాయి. ఒకటి, ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు కాటన్ దొర మా పూర్వీకుడి పనితనం మెచ్చి ఇచ్చాడని. రెండోది, అల్లూరి సీతారామరాజు మనుషులు మన్యం నుంచి దిగొచ్చి, దాచమని అప్పగించి వెళ్లారని. ఒకే రివాల్వర్‌ని దొర ఇవ్వడమూ, దొరల మీద తిరగబడ్డవాళ్లు ఇవ్వడమూ ఎలా కుదురుతుందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. రెండింట్లోనూ మనవాళ్లే గొప్ప కదా, అది చాలు. గోదావరి జిల్లాల్లో అటక మీద ఏ పాత వస్తువు దొరికినా ఈ ఇద్దరిలో ఒకరికి అంటగట్టందే మనకి తోచదు.

రాజమండ్రిలో తుపాకులు బాగుచేసే పెద్దాయన ఒకరు ముందు లైసెన్సు పుస్తకం చూసి, ఆ తర్వాతే దాన్ని చేతిలోకి తీసుకున్నారు. పొట్టి గొట్టం, అయిదు తూటాల సిలిండర్, అరిగిన కర్ర పిడి. సిలిండర్ ఊడదీసి, నూనె గుడ్డతో తుప్పు తుడిచి, భూతద్దం పెట్టి చూపించారు. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈ, ఎల్, జీ అక్షరాలు, కింద నక్షత్రం, పైన చిన్న కిరీటం. “ఇంగ్లీషు సరుకు కాదండీ. బెల్జియంలో లీజ్ అనే ఊరి ముద్ర ఇది. కిరీటం 1893 నుంచే వేస్తున్నారు” అన్నారు. బర్మింగ్‌హామ్ వెబ్లీ వాళ్ల ‘బుల్‌డాగ్’కి లీజ్ పనివాళ్లు నకళ్లు చేసి చవగ్గా దేశదేశాలకీ అమ్మేవారట.

ఆనకట్ట పూర్తయింది 1852లో. కాటన్ దొర కథ అక్కడితో సరి. సీతారామరాజు కథ కూడా నిలవదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి ఆయన పట్టుకెళ్లినవి ఎక్కువగా పోలీసుల పొడుగు తుపాకులు. పైగా ఏమేం తీసుకెళ్లిందీ రాసి సంతకం పెట్టిన మనిషి ఆయన. అంత లెక్కగా తీసుకున్నవాడి పేరు, ఏ లెక్కా లేని మా రివాల్వర్‌కి తగిలించడం ఏం న్యాయం?

బెల్జియం నకలు, ఎవరో ఎక్కడో కొన్నారు అని తేలాక నాకు నిమ్మళం కలగాలి. కలగలేదు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక ఈ దేశస్థుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. అది సర్కారుకి నమ్మకమైనవాళ్లకి దక్కేది. మా తాతయ్య ఊరి మునసబు. అంటే మేం స్వాతంత్ర్య పోరాటానికి గుర్తుగా చూపించుకునే వస్తువు, అసలు తెల్లదొర నమ్మకానికి గుర్తు. సరే, నమ్మకం దేనికి? మా డెల్టా వరి చేలల్లో పులులు లేవు. ఆ గొట్టం ఎవరివైపు చూసింది?

నాయనమ్మ చెప్పింది గుర్తొచ్చింది. అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతోంది. నాకు పన్నెండు పదమూడేళ్లుంటాయేమో.

“కొలతల రోజున మీ తాతయ్య దాన్ని కళ్లంలోకి పట్టుకెళ్లేవారురా. నులక మంచం మీద పక్కన పెట్టుకునేవారు. కుంచంతో ఒకడు కొలిచేవాడు, కరణంగారబ్బాయి రాసేవాడు, కౌలువాళ్లు ఎదురుగా నించునేవారు.”

“ఎందుకు నాయనమ్మా?”

“ఎందుకేంట్రా? అలా ఉంటే కొలతల కాడ గొడవలు రావు.”

“ఎప్పుడైనా పేల్చారా?”

“ఛ! అందులో తూటాలే ఉండేవి కావు” అని మళ్లీ చాట అందుకుంది.

1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టం రాకముందు మాట అది. కాగితాల్లేవు, నోటిమాట మీదే కౌలు. ఎన్ని కుంచాలంటే అన్ని కుంచాలు. ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్న రెండు కథలూ ముద్ర ముందు పడిపోయాయి. ఒక్కసారి చెప్పి వదిలేసిన ఈ ముచ్చటకే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఇందులో దొర లేడు, వీరుడు లేడు. అందుకే కాబోలు ఇది కథ కాలేదు.

తాతయ్య తరఫున నేనూ వాదించుకున్నాను. శిస్తు డబ్బు ఇంట్లో ఉండేది, కాలవగట్ల మీద దొంగల భయం ఉండేది. కావచ్చు. కానీ దొంగల కోసమైతే తూటాలుండాలి. ఖాళీ రివాల్వర్ దొంగని ఆపదు. అందులో ఏముందో తెలియని కౌలురైతు నోరు మాత్రం మూయిస్తుంది. ఒక్క తూటా ఖర్చు కాకుండా అది ఏటా తన పని చేసింది. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముంజెలు తినిపించిన చెయ్యే దాన్ని మంచం మీద పెట్టింది. ఈ రెండూ ఒక చెయ్యే అనుకోవడం కష్టంగానే ఉంది, కాదనడానికి మాత్రం ఆధారం లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటిదుంటే ముందు లైసెన్సు సంగతి చూసుకోండి. బాగుచేసినా పేలనంత పాడైన పాతకాలపు ఆయుధాలకే 1959 చట్టం మినహాయింపు ఇస్తుంది. ముద్రలు చూపించి ఏ ఊరి సరుకో తేల్చుకోండి. ఇక అది ఏం చేసిందో తెలుసుకోవాలంటే మీ చుట్టాల్ని అడక్కండి. మీ కళ్లంలో ఎదురుగా నించున్నవాళ్ల మనవల్ని అడగండి.