వేడుక చూచువాని పూచీ

ఒకడు ప్రాణములకు తెగించి త్రాటిపై నడచుచుండగా, క్రింద కూర్చుండి రుసుము చెల్లించి చూచువానికి ఆ నడకతో ఎట్టి సంబంధము కలదు? నడచువాడు జారిపడి మరణించినచో ఆ దోషములో చూచువానికి భాగమున్నదా? "త్రాడు కట్టినవాడొకడు, కట్టించినవాడొకడు, నడచినవాడు వేరొకడు; టిక్కెట్టు కొన్నవాడు చేసిన నేరమేమి?" అని మనము సులభముగా సమాధానము చెప్పి లేచిపోవుదుము. నేనును చాలకాలమట్లే చెప్పుచుంటిని. ఆ సమాధానమును కదలించినవి ధర్మశాస్త్రములు గావు. పండితులు చిన్నచూపు చూచు కొన్ని పాత బ్రిటిషు భయానక చలనచిత్రములు. అవి సర్కసు డేరాలో హత్యలు జరుగు కథలు.

నేటి సర్కసునకు పుట్టినిల్లు బ్రిటనే. 1768లో ఫిలిప్ ఆస్ట్‌లీ యను ఆశ్వికుడు లండనులో గుఱ్ఱమును గుండ్రముగా పరుగెత్తించుచు దాని వీపుపై నిలిచి విద్యలు చూపెను. ఆయన స్థిరపరచిన 42 అడుగుల వలయమే తరువాత సర్కసులన్నిటికిని కొలతయైనది. మొదట గుఱ్ఱపుస్వారి, పిదప దొమ్మరివిద్యలు, హాస్యగాండ్రు, మృగములు, గాలిలో ఊయెలలు, ఇట్లు వేడుకలు పెరిగినవి. వేడుకతోపాటు అపాయమును పెరిగినది.

1863 జూలైలో బర్మింగుహాము నగరమందలి ఆస్టన్ ఉద్యానమున నొక యుత్సవము జరిగెను. అందు త్రాటిపై నడచుచున్న యొక స్త్రీ, త్రాడు తెగి నేలబడి మరణించెను. ఆమె నిండు గర్భిణి. అంతకంటె శోచనీయమైన విషయమేమనగా, ఆమె పోయిన పిమ్మటను ఉత్సవము నిలువలేదు. విక్టోరియా రాణి ఆ నగరపు మేయరునకు లేఖ వ్రాయించి, ఇట్టి హీనాభిరుచికి ఒక స్త్రీ బలియైనందుకు తన మనస్తాపమును తెలిపెను. 1879లో పదునాలుగేండ్లలోపు పిల్లలచేత ప్రాణాపాయకరమైన ప్రదర్శనలు చేయింపరాదని చట్టము వచ్చెను. 1897లో ఆ రక్షణ పదునాఱేండ్లలోపు బాలురకును, పదునెనిమిదేండ్లలోపు బాలికలకును విస్తరింపబడెను. చట్టము చేయగలిగినదంతయు చేసినది; ప్రదర్శన నడపువానిని అదుపులో పెట్టినది. కాని బల్లపై కూర్చున్నవాని మనస్సును అదుపు చేయు చట్టము లేదు. ఆ పని ఎవరికి వారు చేసికొనవలసినదే.

ఇక చిత్రముల సంగతి. 1960లో 'సర్కస్ ఆఫ్ హారర్స్', 1966లో 'సర్కస్ ఆఫ్ ఫియర్', 1967లో 'బెర్సెర్క్', 1972లో 'వాంపైర్ సర్కస్' వెలువడినవి. ఇట్టి చిత్రములలో చాలవాటికి సెన్సారువారు 1951 నుండి అమలులోనుండిన 'ఎక్స్' ముద్ర వేసి, పిల్లలను తలుపుకడనే ఆపివేసిరి. పెద్దలను మాత్రము ఎవరును ఆపలేదు. మీరేల వచ్చితిరని యడుగలేదు. విచిత్రమేమనగా ఆ ప్రశ్నను చిత్రములే అడిగినవి.

'సర్కస్ ఆఫ్ హారర్స్'కు దర్శకుడు సిడ్నీ హేయర్స్. ఇందులోని శస్త్రవైద్యుడు ఇంగ్లండులో నొక స్త్రీ ముఖమును చెఱచి, ఫ్రాన్సునకు పారిపోయి, అచట నొక చిన్న సర్కసును వశపఱచుకొనును. ముఖములపై మచ్చలుగల నేరస్థురాండ్రను చేరదీసి, వారికి సుందరరూపములిచ్చి, సర్కసులో తారలను చేయును. చేసిన యుపకారమే వారికి సంకెల. వారి పూర్వనేరముల దస్త్రములు వాని చేతిలో నుండును. విడిచిపోదుననిన స్త్రీ కత్తి విసరు ప్రదర్శనలోనో, త్రాటిపైననో 'ప్రమాదవశమున' మరణించును. ఆ మరణములన్నియు వేలకన్నులయెదుటనే జరుగును. సర్కసునకు అపశకునపు పేరు వచ్చినను డేరా ఖాళీపడదు. హంతకుడు తెరవెనుక నుండుగాక. వానికి రంగస్థలము నిలిపియిచ్చుచున్నవారెవరు?

'బెర్సెర్క్' చిత్రములో ఈ మాట మఱింత స్పష్టము. జోన్ క్రాఫర్డ్ ధరించిన మోనికా పాత్ర సర్కసునకు యజమానురాలు. కథ మొదటనే త్రాటిపై నడచువాడు త్రాడు తెగి, దాని యురిలోనే చిక్కి మరణించును. భాగస్వామి నివ్వెఱపోవగా, ఈ వార్తవలన టిక్కెట్లు మఱింత అమ్ముడుపోవునని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. తుదకు హంతకురాలు యజమానురాలి కన్నకూతురేయని తేలును. తల్లి తన్ను నిరాదరించి సర్కసునే పెంచుకొన్నదని యామె కోపము. కుమార్తె విద్యుద్ఘాతమున మరణించుటతో కథ ముగియును. దోషికి దండన లభించినది. కాని లెక్క సరిపోయినదా? మరణవార్త విని టిక్కెట్టు కొన్న జనము క్షేమముగా ఇండ్లకు పోయిరి. వారి పేరు ఏ పోలీసు చిట్టాలోను లేదు.

హామర్ సంస్థవారి 'వాంపైర్ సర్కస్'లో మాత్రము చూచువారు తప్పించుకొనలేదు. సెర్బియా దేశమందలి యొక పల్లెను మహమ్మారి పీడించుచుండును. దారులను సాయుధులు కాయుచుందురు. ఎవరును లోనికి రాలేని, వెలికి పోలేని ఆ పల్లెకు ఒకనాడు సర్కసు వచ్చును. "ఈ కాపలాను దాటి మీరెట్లు వచ్చితిరి?" అను ప్రశ్నను నిలిచి యడుగువారు లేరు. దుఃఖములో మునిగినవారికి వేడుక దొరికినది. వేడుకకు తర్కముతో పనియేమి? వచ్చినవారు రక్తపిశాచములని తెలియునప్పటికి వారి బిడ్డలు బలియైపోవుచుందురు. పెద్దల వినోదమునకు వెల పిల్లలు చెల్లించిరి. ఈ మూడు కథలలో నాకిది మిక్కిలి వేదాంతముగలదిగా తోచినది.

ఇచట ఆలంకారికులు నన్నాపుదురు. "భయానకము నవరసములలో నొకటి. రంగముపైని భయము నాదిగాదు, శత్రువుదిగాదు, మిత్రునిదిగాదు, అది సాధారణీకృతము. కనుకనే భయమును గూడ మనమాస్వాదింపగలము. చిత్రములో ఎవరును నిజముగా చావరు. ఊహామాత్రమునకు పాపమేమి?" అని వారి వాదము. ఇది తోసివేయదగినది గాదు. మరణమును రంగముపై ప్రత్యక్షముగా చూపరాదని నాట్యశాస్త్రకారులు నియమించినను, భాసమహాకవి 'ఊరుభంగము'న దుర్యోధనుని మరణమును సామాజికుల కన్నులయెదుటనే నిలిపెను. దానిని చూచి మన మనస్సు క్రూరమగుటలేదు, మెత్తబడుచున్నది. శత్రువని తలచినవానికై కంట తడిపెట్టుదుము.

కాని సర్కసు నాటకము గాదు. దుర్యోధనపాత్రధారి తెరపడగానే లేచి ముఖము కడుగుకొనును. త్రాటిపైనుండి పడినవాడు లేవడు. అచటి త్రాడు నిజము, ఎత్తు నిజము, నేల నిజము. ఈ చిత్రములు కల్పితకథలో నిజమైన అపాయపు వేడుకను పొదిగి, దానిని చూచు జనమును గూడ మనకు చూపించుచున్నవి. వారిని చూచుచు మనము మనలను చూచుకొనవలసి వచ్చుచున్నది.

నా సంగతి దాచక చెప్పెదను. 'బెర్సెర్క్' చిత్రమును మొదటిసారి చూచినపుడు, నడుమ నిజమైన సర్కసువారి విద్యలు, కుక్కల యాటలు, ఏనుగుల నడకలు చాలసేపు సాగెను. అవి చక్కని విద్యలే. అయినను నా మనస్సులో "చాలసేపైనది, ఇంకను ఎవరును చావలేదే" అను విసుగు పొడమినది. ఆ మాట నాలోననే పుట్టినది. దర్శకుడు నా చెవిలో చెప్పలేదు. కొంతసేపటికి యొకడు కన్నులకు గంతలు కట్టుకొని, నిలువుగా పాతిన బయొనెట్లపైన త్రాటిమీద నడువసాగెను. వాడు సురక్షితముగా దాటవలెనని నాలోని యొకడు కోరెను. పడిన బాగుండునని వేరొకడు ఎదురుచూచెను. ఆ రెండవవానితో నాకు పూర్వపరిచయము లేదు. పిల్లలకు నీతిపాఠములు చెప్పు మనిషిలో వాడెచట దాగియుండెనో తెలియదు. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని లోకులందురు. పిల్లికి ఆకలియైనను కలదు. నాకు అదియును లేదు.

అట్లయిన వినోదములన్నియు విడువవలెనా? అక్కఱలేదు. చూచువారు లేనిచో ఆడువారికి కూడు లేదు. ఏండ్లతరబడి దేహమును సాధించి గాలిలో తేలువానిని చూచి ఆనందించుట వాని తపస్సునకు చేయు మర్యాదయే. కావున నిషేధము గాదు, పరీక్ష కావలెను. నాకు తోచిన పరీక్ష యిది. త్రాటిక్రింద గట్టి వల కట్టినారనుకొందము. అప్పుడు మన సంతోషము తగ్గునా? తగ్గదేని మనము విద్యను చూడవచ్చినవారము. తగ్గినచో మనము కొన్నది విద్యను గాదు, మరణమునకుగల యవకాశమును. "అపాయము లేనిదే సాహసమెక్కడిది?" అని యెవరైన నడుగవచ్చును. నిజమే. సముద్రమున మునుగువానిని కాపాడ దుమికినవాని సాహసమునకు మ్రొక్కుదము. అచట అపాయము పనికొఱకు వచ్చినది. ఇచట అపాయము మనకొఱకు తెచ్చిపెట్టబడినది. పైగా నడచువాడు స్వేచ్ఛతో నడచుచున్నాడా, ఆ శస్త్రవైద్యుని చెఱలోని స్త్రీలవలె వేరొకని దస్త్రమునకు వెఱచి నడచుచున్నాడా యనునది టిక్కెట్టుపై వ్రాయబడదు. అడిగి తెలిసికొనవలెను. మృగమునైతే అడుగుటకును వీలులేదు. 2020 జనవరి నుండి ఇంగ్లండులో సంచార సర్కసులయందు వన్యమృగముల ప్రదర్శనను చట్టము నిషేధించినది. ఆ చట్టమునకు ముందే చాలమంది చూచుట మానిరి. చూచువారు మానుకొనినపుడే వేడుక మారును.

మాంసవిషయమున మనుస్మృతి చంపినవానినే గాక, అనుమతించినవానిని, అమ్మినవానిని, కొన్నవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని గూడ ఘాతకులలో చేర్చినది. ఆ గ్రంథములోని పెక్కు విధులను మనము త్రోసిపుచ్చితిమి; త్రోసిపుచ్చుటయే న్యాయము. కాని ఈ పంపకము మాత్రము నాకు నేటికిని సరియైనదిగా తోచుచున్నది. దోషము చేయువాని చేతిలోనే ఆగిపోదు. వెల యిచ్చిన చేతివఱకు వచ్చును.

ఇపుడు డేరాకు పోనక్కఱలేదు. ఎచటనో వాహనము బోల్తాపడిన దృశ్యము, ఎవరో మేడపైనుండి జారిన దృశ్యము మన చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నవి. అందు పడువాడు నటుడు గాడు. తీసినవాడు చేయి చాచక ఫోను చాచినాడు. మనము చూచినకొలది వానికి లాభము. బర్మింగుహాములో ఆ గర్భిణి పడిన పిదపను ఉత్సవమునందు నిలిచియున్న జనులను మనము నిందింతుము. ఆ ఉద్యానమున మనముండినచో ఇంటికి పోయియుందుమా? రాత్రి భోజనానంతరము ఇంటిల్లిపాదియు కూర్చుండి తెఱవైపు చూచునపుడు ఒకమాఱు ఈ ప్రశ్నను పిల్లలయెదుట పెద్దలే వేసికొనవలెను.