మానని వ్యాధి – మానరాని సేవ

మలాశయమున పుట్టిన క్యాన్సరు ముదిరి శస్త్రచికిత్సకు లొంగనపుడు "ఇక చేయదగినది లేదు" అను మాట వినబడును. ఆ మాటతో రోగి వెనుక గదికి చేరును. వ్యాధి నయము కాదనుట వేరు, చేయదగినది లేదనుట వేరు.

మలమార్గము మూసికొనిపోయినపుడు వైద్యులు పొట్టపై ద్వారమొకటి చేసి మలమును సంచిలోనికి మళ్లింతురు. ఇది వ్యాధిని తొలగింపదు. కడుపుబ్బరమును, వాంతులను తగ్గించి నాలుగు మెతుకులు తిననిచ్చును. రక్తస్రావమునకు, నొప్పికి కిరణచికిత్స ఉపకరించును.

అయితే ఆ సంచిని చూచి "ఇతడు లింగపూజకు అర్హుడా?" అని శంకించువారు కలరు. రోగియే సిగ్గుపడి పూజ మానుకొనుటయు కలదు. లింగధారికి జాతి, జనన, ప్రేత, రజస్సు, ఉచ్ఛిష్టములను పంచసూతకములు లేవని నమ్మిన మనము, ప్రాణము నిలుపుటకై చేసిన ద్వారమును ఆరవ సూతకముగా కల్పింతుమా? మలము లేని దేహమేది? అతని దేహమున దాని త్రోవ మారినది, అంతియే. సంచి మార్చి, చేతులు కడిగికొని, పడకపైననే పూజించుకొనవచ్చును. చేయి వణకినచో కుమారుడు ఆ చేతిని పట్టి నిలుపవలెను. ఈ మాటను మఠములు దాపరికము లేక చెప్పవలసియున్నది.

ఇక మార్ఫిను. నల్లమందు నుండి వచ్చినదని, మనస్సును మరపించి ధ్యానమును చెరచునని పెద్దలు కొందరు వలదందురు. అట్టివారు రోగి ప్రక్కన ఒక్క రాత్రి కూర్చుండి చూడవలెను; ధ్యానమును చెరచునది నొప్పియే. క్యాన్సరు నొప్పికి దీనిని నోటి ద్వారా, వేళ తప్పక ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించినది. సామాన్యపు మార్ఫినును నొప్పి తిరుగబెట్టువరకు ఆగక నాలుగు గంటలకొకసారి ఇత్తురు. తొలిదినముల మగత క్రమముగా తగ్గును. మలబద్ధకము మాత్రము తగ్గదు; దానికి వైద్యుని అడిగి వేరు మందు తీసికొనవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన మార్ఫిను దుర్లభమైన మాట నిజమే గాని, 2014 నాటి సవరణ ఆ చిక్కులను సడలించినది.

హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స కలదు. కాని మంచము దిగలేనివాడు అచటికెట్లు పోవును? కేరళలోని కోజికోడున 1993లో ఆరంభమైన సంస్థ, క్రమముగా ఇరుగుపొరుగువారికే శిక్షణ నిచ్చి రోగుల యిండ్లకు పంపినది. నిత్యము దాసోహము సాగు మఠములకు, వారమునకొకసారి నర్సును పల్లెలకు చేర్చు వాహనమొకటి సమకూర్చుట భారము కాదు.