చేదుకు మార్కులు వేసేదెవరు?

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు ఒకసారి నన్ను బీరు అక్కడే తయారుచేసి అమ్మే చోటికి తీసుకుపోయాడు. 2015లో ప్రభుత్వం నియమాలు తెచ్చాక నగరంలో ఇలాంటివి మొదలయ్యాయి. గ్లాసు ముందు పెట్టి, "పెద్దనాయనా, అప్పుడే తాగకు. ముందు వాసన చూడు" అన్నాడు. నారింజ తొక్క వాసన, వెనక ఏదో పచ్చి ఆకు వాసన. ఒక గుక్క మింగితే చేదు నాలుక చివర పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను మొహం చిట్లిస్తే వాడు నవ్వాడు. "మూడోసారికి నచ్చుతది."

ఆ చేదు హాప్స్ అనే తీగ పువ్వుది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహుల్‌లో పండిస్తారు. పువ్వును మరగబెడితే చేదు దిగుతుంది, కానీ వాసన ఆవిరితో పోతుంది. అందుకే వాసన కోసం చివర్లో ఇంకో పిడికెడు వేస్తారు, మనం కూర దించేముందు కొత్తిమీర వేసినట్టు. దీన్ని రుచి చూసి తేల్చడానికి లెక్క కూడా ఉంది. అమెరికాలో 1985లో మొదలైన బీరు జడ్జీల సంస్థ 50 మార్కుల కాగితం వాడుతుంది: వాసనకు 12, రంగూ నురగకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద 10. బాగుంది, బాగాలేదు అంటే చాలదు. అందులో ఏముందో చెప్పాలి. ఆ నియమం నాకు నచ్చింది.

ఎందుకంటే అలాంటి జడ్జి మా తాండాలోనే ఉండేది. మా యాడి. సారా రెండు చుక్కలు అరచేతిలో రుద్ది వాసన చూసేది. అగ్గిపుల్ల గీసి మంట రంగు చూసేది. మొదట దిగిన సారా పారబోసేది. ఇప్పపువ్వుదేదో బెల్లందేదో కళ్లు మూసుకుని చెప్పేది. దాన్నెవరూ నైపుణ్యం అనలేదు. జీపు వచ్చిన రోజు దాని పేరు నేరం. ఇది కొత్త సంగతేమీ కాదు. 1892లో బొంబాయి రాజ్యంలో ఇంగ్లీషువాళ్లు ఇప్పపువ్వు మీదే చట్టం చేశారు. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అదే ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్ముతామంది. ఈ మధ్యలో పువ్వు మారలేదు. చేదును మూడుసార్లు తాగి ఇష్టపడటం నేర్చుకోవచ్చంటే, ఇప్ప వాసనకు ముక్కు మూసుకోవడం కూడా నేర్చుకున్నదే కదా?

మన సభల్లో చాలామంది ఇక్కడే ఆపి చప్పట్లు కొట్టించుకుంటారు. నేను ఆపలేను. ఇప్పపువ్వు తగ్గి నల్లబెల్లం, పటిక వచ్చాయి. తాగడం పండుగ నాటిది కాస్తా రోజువారీ అయింది. మా అన్న నలభై దాటకుండానే పోయాడు. ఆ ఏడాది యాడి బట్టీ కుండ బోర్లించింది. జీపు చేయలేని పని అది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లూ సారాను పరీక్షించినవాళ్లే. నాలుకతో కాదు, ఇంట్లో ఖాళీ గిన్నెతో. 50 మార్కుల కాగితంలో ఆ గడి లేదు. నిజం చెప్పాలంటే మా యాడి అరచేతిలో కూడా లేదు.

మరి ఆమె దించిన సారా మంచిదా, చెడ్డదా? రుచికి మంచిదే. నేనది దాచను. మన వాసనను కంపు అన్నవాళ్లు రుచి గురించి అబద్ధం చెప్పారు. సంస్కృతి అంటూ రోజూ తాగేవాళ్లు ఇంటి గురించి అబద్ధం చెబుతున్నారు. ఒక అబద్ధాన్ని కొట్టడానికి రెండోదాన్ని వాడుకోవడం మాత్రం నాకు చేతకాదు. నగరంలో ఖరీదైన గ్లాసుకు కూడా ఇదే అడగాలి: తాగినవాడు ఏ ఇంటికి, ఎలా పోతున్నాడు?

ఈ ఏడాది మా బడిలో ఎండు ఇప్పపువ్వు ఒక పిడికెడు బల్ల మీద పోశాను. బాగుంది, బాగాలేదు అని రాయొద్దు, ఏముందో రాయండి అన్నాను. మొదట కొందరు ముక్కు మూసుకున్నారు. తర్వాత రాశారు: ఎండు ద్రాక్ష, బెల్లం, తడిసిన గడ్డివాము. వెనక బెంచీలో ఒక అమ్మాయి కాగితం చివరిదాకా నా చేతికివ్వలేదు. అందులో ఒకటే వాక్యం ఉంది. మా నాయన రాత్రి ఇంటికొచ్చినప్పటి వాసన.

నేను మార్కులు వేయలేదు.