అది ఎవరిది?



పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియాయో మాటలాడుచు, బడిలో ఇంగ్లీషు నేర్చుకొనుచున్నారు. వారి వ్రాతలో తరచుగా తప్పిపోవు చిన్న గుర్తు ఒకటి కలదు. అక్షరముల నడుమ, పైభాగమున కామావలె వ్రేలాడు అపాస్ట్రఫీ అది. ఇంత చిన్నదానికి ప్రసంగమా అనకుడి. కొంచెములో నమ్మకముగా ఉండుటను గూర్చి ప్రభువే బోధించెను (లూకా 16:10).

తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపించుట మంచి బోధనాపద్ధతి. మొదట "దేవుని పిల్లలు" అని తెలుగులో చెప్పించుడి. అందులోని "ని" వారు ఎవరి పిల్లలో తెలుపుచున్నది. ఇంగ్లీషులో ఆ పని అపాస్ట్రఫీయు, ఎస్ అను అక్షరమును కలిసి చేయును. "గాడ్" అని పూర్తిగా వ్రాయించి, గుర్తు పెట్టించి, పిమ్మట ఎస్ చేర్పించుడి. గుర్తు ఎస్ దాటి పడెనా, "దేవుళ్ల పిల్లలు" అని అర్థమగును! ఒక్క అక్షరము జరిగినందుకే ఒక్క దేవుడు అనేకులాయెను.

"బుక్స్" వంటి ఉత్త బహువచనమునకు గుర్తు అక్కరలేదు. "ఇట్ ఈజ్" అనుదానిని కుదించి "ఇట్స్" అని వ్రాయునప్పుడు, విడిచిన అక్షరమున్న చోట గుర్తు ఉండవలెను. "దాని" అను అర్థమిచ్చు "ఇట్స్"కు మాత్రము ఉండదు. "హిజ్"కు లేదు గదా!

"ఇది ఎవరిది?" అని కాగితముమీద అడుగ నేర్చిన బిడ్డ, ప్రక్కవాని పెన్సిలు తన సంచిలో కనబడినప్పుడును అదే అడుగవలెను. దొంగిలకూడదను ఆజ్ఞ (నిర్గమ 20:15) బాల్యములో అట్టి చోటనే అలవడును.

మరి మన బిడ్డ ఎవరివాడు? ఇక్కడివారు తెలుగువాడందురు, సెలవులకు తాతగారి ఊరు వెళ్లినయెడల అక్కడివారు బయటివాడందురు. రెండు చోట్లను పరాయిగా నిలిచిన ఆ పసివానికి యెషయా 43:1 చదివి వినిపించుడి. పేరు పెట్టి పిలిచి, నీవు నావాడవని చెప్పుకొను దేవుడు అందులో ఉన్నాడు.

దిద్దునప్పుడు కాగితమంతయు ఎర్ర సిరాతో నింపకుడి. ఒక తప్పు చూపి, మరల వ్రాయనిచ్చి, సరిగా వ్రాసినప్పుడు మెచ్చుకొనుడి. పిల్లల మనస్సు క్రుంగనీయకూడదని కొలొస్సయులకు 3:21 తండ్రులను హెచ్చరించుచున్నది. ఈ ఆదివారము ఆరాధన తరువాత పావుగంట మన పిల్లలతో కూర్చుండి, "దేవుని పిల్లలు" అని రెండు భాషలలోను వ్రాయించుదము. ప్రభువు మన గృహములను దీవించును గాక. ఆమేన్.