మాట తెలియని చోట

చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి కోనేటి నడుమ నున్నది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు కట్టించిన ఆ చిన్న మందిరమున లింగమునకు నాలుగు వైపులను నాలుగు బ్రహ్మరూపములు నాలుగు దిక్కులకు అభిముఖముగా నిలిచియుండుటచేత, భక్తుడు ఏ గట్టున నిలిచినను స్వామి తనవైపు చూచుచున్నట్లే యుండును. అక్షరము నేర్వని మా నాయనమ్మ నన్ను చంక నెత్తుకొని ప్రదక్షిణము చేయుచు, "ఈ సామికి వీపు లేదురా అబ్బాయ్" అని చెప్పెడిది. చాలకాలమునకు, ఫ్రాన్సు దేశమున ఒక రొట్టెల దుకాణములో, ఎదుటనున్న మనిషి ముఖము నాకు తలుపు వేసినట్లు మూసికొనిపోవుట చూచినప్పుడు ఆ మాట జ్ఞాపకమునకు వచ్చినది.

ఇంగ్లీషు వచ్చినవానికి లోకమంతయు ఊరిపొలిమేరయే యని మాకు బడిలో చెప్పిన విశ్వాసముతో ఆ దేశమున దిగితిని. దుకాణములోనికి పోయి, కావలసిన రొట్టెను వ్రేలితో చూపి, వెల యెంత యని ఇంగ్లీషున అడిగితిని. దుకాణపు యామె నా కన్నులలోనికి చూచి "బోంజూర్" అన్నది. వినబడలేదేమో యని గొంతు హెచ్చించి మరల అడిగితిని. ఆమె మరల, అంతే నిదానముగా, "బోంజూర్" అన్నది. ఆమె కోరుచున్నది నా ప్రశ్నకు అర్థము కాదనియు, ప్రశ్నకు ముందుండవలసిన నమస్కారమనియు నాకు తోచుటకు మూడవసారి కావలసి వచ్చినది. సిగ్గుపడి నేనును "బోంజూర్" అనగానే ఆ ముఖము తెరచుకొన్నది. అటుపిమ్మట ఆమెకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలును బయటికి వచ్చినవి.

గ్రంథారంభమున మంగళ మేల యను చర్చతోనే తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికను ఆరంభించినాడు. విఘ్నము తొలగుట, గ్రంథము పరిసమాప్తి నొందుట దాని ఫలమని శాస్త్రము. బాల్యమున ఇది పండితుల వ్యసనముగా కనబడినది. ఆ దుకాణములో నాకు దాని సారము వేరుగా గోచరించినది. పని కొఱకు మాటాడుటకు ముందు, నీవిచ్చట నున్నావని యెదుటివానిని గుర్తించు మాట యొకటి కావలెను. అది ఏ వస్తువును చెప్పదు, ఏ వార్తను తెలుపదు. అయినను అది లేనిచో తక్కిన మాట లన్నియు వాకిటనే నిలిచిపోవును.

అప్పుడు నన్ను పట్టుకొన్న ప్రశ్న ఇది: మాట తెలియని చోట అర్థము ఎచ్చటినుండి వచ్చుచున్నది? శబ్దార్థముల సంబంధము నిత్యమని మీమాంసకులు, అది సంకేతకృతమని నైయాయికులు వేయి యేండ్లకు పైగా వాదించిరి. కాని శిశువు భాషను ఎట్లు నేర్చుననుటలో ఇరువురును ఒకే దృష్టాంతమును చూపుదురు. ఒక పెద్ద "ఆవును తెమ్ము" అనును. రెండవవాడు పోయి ఆవును తెచ్చును. "ఆవును కట్టుము" అనగా కట్టును. "గుఱ్ఱమును తెమ్ము" అనగా వేరొక జంతువును తెచ్చును. ఏ మాట నిలిచినది, ఏ మాట మారినది, దానితో ఏ పని మారినది యని ప్రక్కనున్న పిల్లవాడు గమనించి, ఆవాపోద్వాపములచేత, అనగా పదములను చేర్చుట తీయుటలచేత, ఒక్కొక్క పదమునకు శక్తిని గ్రహించును. దీనికి వృద్ధవ్యవహార మని పేరు.

నడివయసు దాటిన నేను ఆ రొట్టెల దుకాణములో ఆ పిల్లవాడనే యైతిని. నా ముందున్న వృద్ధుడు "ఊన్ బాగెత్, సిల్ వూ ప్లే" అన్నాడు. పొడవైన రొట్టె యొకటి అతని చేతికి వచ్చినది. తరువాతి యామె "దో బాగెత్" అన్నది, రెండు వచ్చినవి. నా జేబులో నిఘంటువు లేకపోలేదు. కాని అందలి పదములు ఒక్కొక్కటిగా, ఎవనితోను సంబంధము లేక, ఎండిన విత్తనముల వలె పడియుండినవి. పదములు తమ తమ అర్థములను విడిగా చెప్పిన పిమ్మటనే వాక్యార్థ మేర్పడునని కుమారిలభట్టు పక్షము. ఒకదానితో నొకటి అన్వితములై, పనితో ముడివడిన పదములనే మనము గ్రహింతుమని ప్రభాకరుని పక్షము. పుస్తకములు చదివిన దినములలో నేను భట్టపాదుని వైపు మొగ్గితిని. ఆ దినమున ప్రభాకరుని వైపునకు జరిగితిని. నేను నేర్చినది ఒక పదము కాదు. నమస్కారము, రొట్టె, నాణెము, కృతజ్ఞత, అన్నియు కలిసిన ఒక చిన్న క్రతువు.

అయినను ఆ యిద్దరి వాదములలోను వినువాని యౌదార్యమునకు రావలసినంత స్థానము రాలేదని నాకు తోచుచున్నది. వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కావలెనని శాస్త్రము చెప్పుచుండగా, వానిలో ఆకాంక్ష యనగా వినువాని జిజ్ఞాసయే యని ప్రాచీనులు కొందరు వివరించిరి. నవ్యనైయాయికులు దానిని పదముల ధర్మముగా మార్చి సూక్ష్మము చేసిరి గాని, పరదేశమున తిరిగినవాడు పాత వివరణమునే నమ్మును. వ్యాకరణము తప్పిన నా వాక్యమునకు అర్థము కలిగినదన్నచో, ఆ యర్థము నా నోటిలో పుట్టినది కాదు, "ఈతడేదో చెప్పగోరుచున్నాడు, ఏమది?" యని నిలిచి విన్న యొక మనస్సులో పుట్టినది.

మాట లేనప్పుడు చేతులున్నవి కదా యని కొందరందురు. నేనును అట్లే తలచితిని. అభినయ విషయమున మా ఊరివారికి కొంత యభిమానమున్నది. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయప సేనాని చేబ్రోలును ఏలినవాడు. 1254 ప్రాంతమున సంస్కృతమున నృత్తరత్నావళిని రచించినవాడు. కాని నా యాంగికాభినయము మొదటి దినముననే విఫలమైనది. ఔను అనుటకు నేను మన యలవాటున తలను ఇటునటు ఊపగా, భోజనశాలలో వడ్డించువాడు దానిని కాదని గ్రహించి పళ్లెమును వెనుకకు తీసికొనిపోయినాడు. శరీరమునకును దేశభాష యున్నదని అప్పుడు తెలిసినది. జాయపకు ఈ సంగతి ఇంచుమించు ఎనిమిదివందల యేండ్ల క్రిందటనే తెలియును కాబోలు. ఎనిమిది అధ్యాయముల తన గ్రంథమున నాలుగింటిని మార్గమునకిచ్చి, తక్కిన నాలుగింటిని దేశికిచ్చినాడు. మార్గమనగా అందరు నడచు దారి, దేశి యనగా ఆ నేలది. ఈనాడు మనకు ఇంగ్లీషు మార్గమైనది; దాని వెంట నడచి ఎంత దూరమైనను పోవచ్చును. ఇంటిలోనికి పిలిచెడిది మాత్రము దేశియే.

పలు భాషలు కలియుట మన చేబ్రోలు నేలకును క్రొత్త కాదు. భీమేశ్వరాలయ ప్రాంగణమున లభించిన శాతవాహన రాజు విజయ శాతకర్ణి కాలపు శాసనము, క్రీ. శ. 207 నాటిది, ఈ యూరిని తాంబ్రపే యని పేర్కొనుచున్నది. అది సంస్కృతమున నున్నది. శాతవాహనుల శాసనములు సామాన్యముగా ప్రాకృతమున నుండగా, ఇచ్చటి శిల్పి ఉలి మరియొక భాషను చెక్కినది. అంతకంటె సమీపకాలమున గోదావరి యొడ్డున యానాము ముప్పది చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి రాజ్యమై యుండినది. మంగళవారపు సంతకు చుట్టుప్రక్కల యూళ్లవారు పోయెడివారు. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము వచ్చిన పిమ్మట అచ్చట అది చెల్లనందున అట్టి పెండ్లిండ్లకై తరలి పోగా, ఆ యూరికి కల్యాణపుర మను పేరు వచ్చినది. దొర భాష వేరైనను సంతలో బేరమాడిన భాష ఇరువైపులను తెలుగే. 1954 నవంబరు 1న ఆ పాలన మనకు సంక్రమించినది.

మారిషస్ కథ దీనికి విపర్యయము; అది నన్ను ఎక్కువగా కలచినది. 1810లో ఆంగ్లేయులు ఆ ద్వీపమును జయించినను, నివాసుల ఆచారములను, శాసనములను నిలుపుదుమని మాట యిచ్చుటచేత, నేటికిని శాసనసభలో ఇంగ్లీషు, పత్రికలలో ఫ్రెంచి, వీధిలో ఫ్రెంచి నుండి పుట్టిన క్రియోలు మాటాడబడుచున్నవి. చెఱకు తోటలలో కూలికై పోయిన తెలుగువారికి, వారోడ నెక్కిన రేవు పేరున, అచ్చట కోరంగివారని పేరు. ఉగాది వారికి ప్రభుత్వపు సెలవు దినము; 1990లో ప్రపంచ తెలుగు మహాసభ అచ్చట జరిగినది. దీపము చుట్టు తిరుగుచు వారు రామభజనము చేయుదురు. ఆ భజనలో తెలుగు స్పష్టముగా పలికిన వృద్ధుడు, భజన ముగిసిన పిమ్మట మనుమనితో మాటాడునది క్రియోలు. అతనికి ఆ పాటలోని ప్రతి పదమునకు అర్థము తెలియునా యని ఇచ్చటినుండి పోయిన మనము పరీక్షించుట అపచారము. నాలుగు తరములు నోటనుంచుకొని కాపాడినవాడు ఆ మాటకు శ్రోత. శ్రోతయై యుండుటలో అర్థము నిలిచినది.

బైబిలులోని బాబెలు గోపురపు కథలో భాషలు పెక్కగుట దైవశిక్ష. కాని అదే గ్రంథమున పెంతెకొస్తు దినమున గలిలయవారు మాటాడుచుండగా వచ్చినవారిలో ప్రతివాడును తన తన భాషలో వినినట్లున్నది. అద్భుతము చెవిలో జరిగినది. ఋగ్వేదము వాక్కును నాలుగు పాదములుగా భావించి, మూడు గుహయందు నిలిచియుండ, నాలుగవదానిని మాత్రము మనుష్యులు పలుకుదురని చెప్పినది. అట్లయిన తెలుగు, ఇంగ్లీషు, ఫ్రెంచి అన్నియు కలిసియు ఆ నాలుగవ పాదమే. ఒక భాష వచ్చినవాడు గర్వించుటకు గాని, రానివాడు చిన్నపోవుటకు గాని ఇందులో చోటు లేదు.

ఒక్క విషయము మిగిలినది. ఇంగ్లీషును చేతికఱ్ఱగా పట్టుకొని పోయిన నేను, ఫ్రెంచివారికిని మనకును గల చుట్టరికమును ఆ కఱ్ఱవలననే చాలదినములు చూడలేకపోతిని. వారికి "వూ" యున్నది, "త్యు" యున్నది. మనకు మీరున్నది, నువ్వున్నది. ఎవరిని ఎప్పుడు ఎట్లు పిలువవలెనను సంకోచము తెలుగువానికి పుట్టుకతో వచ్చినదే. అందరిని ఒకే మాటతో పిలుచు భాషలో నా బుద్ధి నడచుచుండుటచేత, నా యింటి మర్యాద నాకే పరాయిదైనది.

లియోఁ నగరమున, సోన్ నది యొడ్డున, కూరగాయల యంగడిలో ఒక ముసలామె యొద్ద ఆకుకూర కట్ట యొకటి తీసికొని, ముందుగా "బోంజూర్" అని, వెల యెంత యని కనుబొమలతో అడిగితిని. ఆమె "కాత్ర్ వేఁ" అన్నది. కాత్ర్ నాలుగు, వేఁ ఇరవై యని నేను విడివిడిగా ఎఱుగుదును. నాలుగా, ఇరవైయా, ఇరువదినాలుగా యని ఇంగ్లీషు లెక్కలో తడబడితిని. ఆమె నవ్వి, నాలుగు వ్రేళ్లు చూపి, "వేఁ, వేఁ" అన్నది. తటాలున మా నాయనమ్మ వసారాలో కూర్చుండి పిడకలు లెక్కించుట కన్నులకు కట్టినది. ఇరవై దాటి ఆమెకు లెక్క రాదు. ఇరవై, రెండిరవైలు, మూడిరవైలు, నాలుగిరవైలు. ఎనుబది. నా జేబులో ఇరవై సెంట్ల బిళ్లలుండినవి. వానిని ఒక్కొక్కటిగా ఆమె అరచేతిలో పెట్టుచు నాయనమ్మ లెక్కను పైకే చెప్పుచుంటిని. ఆమెయు నాతోకూడ, తన భాషలో, నాలుగవ బిళ్ల వఱకు లెక్కించినది.